కన్ను తీస్తే గుడ్లు పెట్టే రొయ్య: మన చెరువుల వెనకున్న వింత ప్రయోగాలు



జంతువుల మీద జరిగిన వింత ప్రయోగాల గురించి చెప్పమంటే ఎక్కువమంది నన్ను అడిగేవి రెండే. ఒకటి పావురాల బాంబు. రెండో ప్రపంచ యుద్ధంలో బి.ఎఫ్. స్కిన్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు బాంబు ముందు భాగంలో పావురాల్ని కూర్చోబెట్టి, అవి తెర మీద టార్గెట్‌ని ముక్కుతో పొడుస్తుంటే బాంబు అటువైపు తిరిగేలా ప్లాన్ చేశాడు. రెండోది పిల్లి. 1960లలో సీఐఏ వాళ్ళు ఒక పిల్లి ఒంట్లో మైకూ, ట్రాన్స్‌మిటరూ పెట్టి కుట్టేసి గూఢచారిగా పంపాలని చూశారు. రెండూ నిజంగా జరిగినవే. రెండూ పనికిరాక మూసేసినవే.

నాకు మాత్రం వీటికంటే పనిచేసిన ప్రయోగాల మీద ఆసక్తి ఎక్కువ. అలాంటివి చూడ్డానికి అమెరికా అక్కర్లేదు. గుడివాడలో బస్సెక్కి కైకలూరు వైపు వెళ్ళండి, లేదంటే బందరు మీదుగా బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు, ఇటు దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు వెళ్ళండి. రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. లోపలికి ఉన్నవి చేపలవి, సముద్రానికి దగ్గరవి రొయ్యలవి. ఆ చేపలూ ఆ రొయ్యలూ దాదాపు అన్నీ ఏదో ఒక వింత ప్రయోగం వల్ల పుట్టినవే. ఒకప్పుడు చేప తలలోంచి గ్రంథి తీసి ఇంకో చేపకి ఇంజెక్షన్ చేశారు. రొయ్యకైతే ఇప్పటికీ ఒక కన్ను తీసేస్తున్నారు. ఎవరికి తట్టింది ఇది? ఎందుకు తట్టింది? ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందు చేప సంగతి.

మన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, ఈ మూడూ నది చేపలు. చెరువులో వేస్తే పెరుగుతాయి, కడుపులో గుడ్లు కూడా నిండుతాయి. కానీ గుడ్లు వదలవు. వాటికి వరద కావాలి. కొత్త నీరు రావాలి, నది పొంగి పల్లపు పొలాల మీదకి పారాలి, ప్రవాహం తగలాలి. నిలవ నీళ్ళలో ఆ సిగ్నల్ అందదు. కొన్నాళ్ళు చూసి ఆ గుడ్లు లోపలే కరిగిపోతాయి. అందుకని 1950ల దాకా చేపపిల్ల కావాలంటే వానాకాలంలో నదిలో వలలు కట్టి పట్టడమే దారి. పెద్ద సరఫరా అంతా బెంగాల్ వైపు నుంచి. మట్టి కుండల్లో నీళ్ళు పోసి, అందులో పిల్లని వేసి, రైల్లో దూరప్రాంతాలకి పంపేవాళ్ళు. దారి పొడుగునా మనిషి పక్కన కూర్చుని చేత్తో నీళ్ళు చిలకాలి, ఆక్సిజన్ కోసం. ఇంతా చేస్తే ఆ కుండలో ఉన్నది ఏ రకమో ఎవరికీ తెలీదు. శీలావతి పిల్లతో పాటు దాన్ని తినే చేప పిల్ల కూడా వచ్చేది.

ఇక్కడ సీన్ దక్షిణ అమెరికాకి మారుతుంది. 1930లో అర్జెంటీనాలో బెర్నార్డో హుస్సే అనే డాక్టరు పిట్యూటరీ గ్రంథి మీద పనిచేస్తున్నాడు. మెదడు కింద అతుక్కుని ఉండే చిన్న గ్రంథి అది, తెలుగు పాఠ్యపుస్తకాల్లో పీయూష గ్రంథి అని చదువుకున్నాం. ఆయన చేప పిట్యూటరీని నూరి, గుడ్లు కాకుండా పిల్లల్ని కనే ఒక చిన్న చేపకి ఎక్కిస్తే అది నెలలు నిండకుండానే కనేసింది. హుస్సేకి తర్వాత 1947లో నోబెల్ వచ్చింది, అది వేరే పనికి. కానీ ఆ చేప ప్రయోగాన్ని పక్కనే బ్రెజిల్‌లో రోడాల్ఫో ఫాన్ ఇహెరింగ్ అందుకున్నాడు. బ్రెజిల్ ఈశాన్యంలో భయంకరమైన కరువులు. ప్రభుత్వం రిజర్వాయర్లు కట్టింది, వాటిలో చేపలు పెంచితే జనానికి తిండి దొరుకుతుందని ఆలోచన. సమస్య మన సమస్యే, నది చేపలు నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు. 1930ల మధ్యలో ఆయన బృందం చేపల పిట్యూటరీ తీసి, నూరి, వేరే చేపలకి ఎక్కించి గుడ్లు పెట్టించింది. దాదాపు అదే కాలంలో సోవియట్ యూనియన్‌లో గెర్బిల్‌స్కీ అనే శాస్త్రవేత్త స్టర్జన్ చేపల మీద ఇదే చేశాడు.

మన దేశంలో దీన్ని సాధించినాయన హీరాలాల్ చౌధురి. 1921లో సిల్హెట్ ప్రాంతంలో పుట్టారు, కటక్‌లో ఉన్న కేంద్ర చేపల పరిశోధన సంస్థ విభాగంలో పనిచేసేవారు. 1955లో ముందు ఒక చిన్న చేప మీద పని చేసి చూపించారు. తర్వాత 1957 జూలై 10న ఒడిశాలో అంగుల్ అనే ఊళ్ళో, కె.హెచ్. అలికుంజితో కలిసి, పెద్ద చేపలతో గుడ్లు పెట్టించారు. జూలై 10ని ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినంగా జరుపుతారు కదా, ఆ తేదీ ఇదే.

పద్ధతి వినండి. పెద్ద చేప తల కోసి, పుర్రె పైభాగం తీసి, మెదడుని పక్కకి జరిపితే కింద చిన్న గుంటలో తెల్లటి పలుకులాంటి గ్రంథి ఉంటుంది. దాన్ని చిదిమిపోకుండా తీసి, ఆల్కహాల్ సీసాలో దాచాలి. వాడే రోజున తూకం వేసి, నీళ్ళలో నూరి, తేర్చి, సిరంజిలోకి తీసి, తల్లి చేపకి తోక దగ్గర కండలో ఇవ్వాలి. కిలో బరువుకి మొదటి డోసు 2 నుంచి 3 మిల్లీగ్రాములు. ఆరు గంటల తర్వాత రెండో డోసు 5 నుంచి 8 మిల్లీగ్రాములు. మగచేపకి ఒకటే, అది ఆడదానికి రెండోది ఇచ్చే టైములో. తర్వాత హాపాలో, అంటే నీళ్ళలో కట్టిన గుడ్డ తొట్టిలో వదిలేస్తే నాలుగైదు గంటల్లో గుడ్లు. వరద లేదు, నది లేదు. ఆ చేప ఒంటికి మాత్రం వరద వచ్చినట్టే.

ఇది ఊపందుకున్నాక కలకత్తా చేపల మార్కెట్లలో కొత్త వ్యాపారం పుట్టింది. కోసి పడేసిన తలల్లోంచి పిట్యూటరీ ఏరి అమ్మడం. పుర్రె పగలగొట్టకుండా వెనక కంతలోంచి లాగేసేవాళ్ళు, ఎందుకంటే ఆ తల మళ్ళీ కూరకి అమ్ముకోవాలి. బెంగాలీల దగ్గర చేప తల ఊరికే పోనివ్వరు!

తర్వాత తలలు కొయ్యక్కర్లేని మందు వచ్చింది. కెనడాలో రిచర్డ్ పీటర్, చైనాలో లిన్ హావోరాన్ కలిసి కనిపెట్టారు, అందుకే వాళ్ళిద్దరి పేర్లూ కలిపి లిన్‌పే పద్ధతి అంటారు. వాళ్ళు గమనించింది ఏంటంటే, చేప మెదడులో గుడ్లు వదలమని చెప్పే హార్మోన్ ఒకటి ఉంది, వద్దు అని ఆపే బ్రేకు కూడా ఉంది. ఆ బ్రేకు పేరు డోపమైన్. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బ్రేకు వేసే ఉంటే బండి కదలదు. అందుకని ఒకే ఇంజెక్షన్‌లో రెండూ కలిపారు, యాక్సిలరేటర్‌కి ఒక కృత్రిమ హార్మోన్, బ్రేకు తీయడానికి డాంపెరిడోన్. అవును, మనకి వాంతులైతే డాక్టర్ రాసే డాంపెరిడోనే! ఓవాప్రిమ్ అనే మందు ఈ సూత్రంతో వచ్చిందే. ఈ బ్రేకు మాట గుర్తుంచుకోండి, రొయ్య దగ్గర మళ్ళీ కావాలి.

ఇక కొల్లేరు. 1970ల చివర్లో ప్రభుత్వం సొసైటీల పేరుతో చెరువులు తవ్వించింది, తర్వాత చుట్టూ వరిచేలు కూడా చెరువులయ్యాయి. ఆ కథలో మంచీ చెడూ చాలా ఉంది, ఇంకో ఎపిసోడ్ పడుతుంది. ఇక్కడ నాకు నచ్చిన విషయం, ప్రయోగాలు ల్యాబుతో ఆగలేదు. మన రైతులు చేసినవి ఏ శాస్త్రవేత్తకీ తీసిపోవు. శాస్త్రవేత్తలు ఆరు రకాల చేపలు కలిపి పెంచమన్నారు. మనవాళ్ళు రెండు మూడు పంటలు చూసి, మార్కెట్ లెక్క వేసుకుని, శీలావతి ఎక్కువ, బొచ్చె తక్కువ, మిగతావి వద్దు అని తేల్చేశారు. మేత నీళ్ళలో చల్లితే సగం వృథా అని, ఖాళీ ఎరువుల సంచులకి కన్నాలు పెట్టి, తవుడు నింపి, వెదురు కర్రలకి వేలాడదీశారు. చేప వచ్చి ఆ కన్నంలోంచి పీక్కుని తింటుంది. గుడివాడ వైపు చెరువుల్లో వరసగా కనిపించే ఆ కర్రలు అవే.

ఇంకోటి ఇంకా విచిత్రం. చేపపిల్లని ఇరుకు చెరువులో కిక్కిరిసేలా వేసి, మేత తక్కువ పెట్టి, ఏడాది పాటు కావాలనే గిడసబారేలా చేస్తారు. ఏడాది వయసున్నా సైజు చిన్నదే. తర్వాత దాన్ని పెద్ద చెరువులోకి మార్చి కడుపునిండా పెడితే, పోగొట్టుకున్నదంతా పట్టుకోవాలన్నట్టు గబగబా పెరిగిపోతుంది. సైన్సులో దీనికి పేరుంది, పరిశోధన పత్రాలు ఉన్నాయి. కానీ దీన్ని లక్షల ఎకరాల వ్యాపారానికి మెయిన్ పద్ధతిగా నిలబెట్టింది ఆంధ్రా రైతులు. ఫలితం? ఒకప్పుడు బెంగాల్ నుంచి కుండల్లో పిల్ల దిగుమతి. ఇప్పుడు మన దగ్గర్నుంచి ఐసు పెట్టెల్లో శీలావతి లారీలెక్కి కలకత్తాకీ, అస్సాంకీ పోతోంది.

సరే, రొయ్య దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం మనసు గట్టి చేసుకోండి.

రొయ్య కళ్ళు చూశారు కదా, రెండు కాడల మీద బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ కంటి కాడలో చూపు ఒక్కటే లేదు. 1905లోనే చార్లెస్ జెలెనీ అనే అమెరికన్, ఒక పక్క డెక్క పెద్దగా ఉండే చిన్న పీతల మీద (మన మడ అడవుల బురదలో కన్నాలు చేసుకుని ఉంటాయే, ఆ జాతివే) కంటి కాడలు తీసేస్తే అవి మామూలు కంటే త్వరగా పొర విడుస్తున్నాయని గమనించాడు. 1928లో పెర్కిన్స్ అనే ఆయన కంటి కాడ రసం రొయ్య ఒంటి రంగుని మార్చేస్తుందని చూపించాడు. 1930లలో స్వీడన్‌లో హాన్‌స్ట్రోమ్ ఆ కాడ లోపల ఒక గ్రంథి లాంటి అవయవాన్ని గుర్తించాడు. అంటే కంటి కాడలో ఒక కంట్రోల్ రూమ్ ఉంది. పొర విడవడం, రంగు, రక్తంలో చక్కెర, చాలావాటి స్విచ్చులు అక్కడే.

1943లో ఫ్రాన్స్ జర్మన్ల ఆక్రమణలో ఉంది. ఆ రోజుల్లో పనూజ్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ఆడ రొయ్యల కంటి కాడలు తీసి చూస్తే వాటి అండాశయం గబగబా పెరిగిపోయింది. అంటే గుడ్లు తయారవ్వకుండా ఆపే హార్మోన్ కూడా ఆ కాడలోనే ఉంది. చూశారా, మళ్ళీ బ్రేకే. యుద్ధంలో తిండికే కరువున్న దేశంలో ఈయన రొయ్య కళ్ళు కోసి చూస్తున్నాడంటే, సైంటిస్టుల పిచ్చికి దణ్ణం పెట్టాలి. అది కేవలం తెలుసుకోవడం కోసం చేసిన పని. దీంతో డబ్బు సంపాదించొచ్చని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

డబ్బు వైపు పని జరిగింది జపాన్‌లో. ఫుజినాగా మొతోసాకు అనే ఆయన 1930లలో కురుమా రొయ్యతో ట్యాంకులో గుడ్లు పెట్టించి, ఆ పిల్లలు ఏం తింటాయో కనిపెట్టడానికి ఏళ్ళు కష్టపడ్డాడు. రొయ్య గుడ్డులోంచి రొయ్య రాదండీ. ముందు నాప్లియస్ అని నీళ్ళలో ఎగిరే చుక్కలాంటి జీవి వస్తుంది, దానికి తిండి అక్కర్లేదు, ఒంట్లో పచ్చసొన ఉంటుంది. తర్వాత జోయియా, దానికి కంటికి కనపడని నాచు కావాలి. తర్వాత మైసిస్, ఆ తర్వాతే మనం పీఎల్ అనే పోస్ట్ లార్వా. జోయియా దశకి తగిన నాచు దొరకడమే ఆయన విజయం. 1942లో ఆ పరిశోధన అచ్చయింది. కానీ ఆయన కూడా గుడ్లు నిండిన తల్లిని సముద్రంలోంచే పట్టుకొచ్చేవాడు.

టైగర్ రొయ్యతో వచ్చిన చిక్కు అదే. బందీగా ఉంటే ఆడ టైగర్‌లో గుడ్లు నిండడం చాలా అరుదు. 1970లలో తాహితీ దీవిలో ఫ్రెంచ్ బృందం, ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో పరిశోధన కేంద్రం పనూజ్ పాత ప్రయోగాన్ని బయటికి తీశాయి. రెండు కళ్ళూ తీస్తే రొయ్య దిక్కు తెలియక తిరిగి చచ్చిపోతోంది. అందుకని ఒక్కటి తీశారు. సగం బ్రేకు పోతే చాలు. 1977కల్లా ఫిలిప్పీన్స్‌లో ఒంటికన్ను టైగర్ తల్లులు గుడ్లు పెట్టడం పరిశోధన పత్రంగా వచ్చేసింది.

దీని సాంకేతికత చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. రాకెట్ సైన్స్ ఏమీ లేదు. కాడని దారంతో బిగించి కడతారు, లేదా వేళ్ళతో చిదుముతారు, లేదా ఎర్రగా కాల్చిన పట్టకారుతో నొక్కుతారు. కాల్చిన పట్టకారైతే గాయం అక్కడే మూసుకుపోతుంది, రసం కారదు. వారం తిరగకముందే వీపు మీంచి చూస్తే అండాశయం ముదురు రంగులో గీతలా కనిపిస్తుంది. రాత్రిపూట టార్చి వేసి చూసి, సిద్ధంగా ఉన్నదాన్ని వేరే ట్యాంకులోకి మారుస్తారు. ఒక్కో టైగర్ తల్లి లక్షల్లో గుడ్లు పెడుతుంది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, లైవ్‌లో నడుస్తున్న సిస్టమ్‌లో ఒక సేఫ్టీ చెక్‌ని తీసేసి రన్ చెయ్యడం ఇది. పని అవుతుంది. ఆ చెక్ ఇంకా వేటిని కాపాడుతోందో తర్వాత తెలుస్తుంది.

మన తీరంలో మొదట్లో ఇవేమీ లేవు. 1980లలో ఆడవాళ్ళూ పిల్లలూ చిన్న వలలతో కాలవల్లో, ఉప్పుటేరుల్లో నడుములోతు నీళ్ళలో టైగర్ పిల్ల పట్టి, లెక్కపెట్టి అమ్మేవాళ్ళు. వలలో పడ్డ మిగతా జీవాలన్నీ గట్టు మీద ఎండిపోయేవి. 1989లో విశాఖ దగ్గర ఎంపెడా వాళ్ళ టాస్పార్క్ హేచరీ వచ్చాక, తర్వాత ప్రైవేటు హేచరీలు తీరం పొడుగునా లేచాయి. కన్ను తీసే పద్ధతి వాటితో పాటే వచ్చింది. సముద్రంలో పడవకి ఒక మంచి టైగర్ తల్లి దొరికితే ఆరోజు పండగ, ఒక్క రొయ్యే వేలల్లో పలికేది. 

బందరు, బంటుమిల్లి, నాగాయలంక వైపు వరి వేసే నేల చెరువు అయింది. మొదటి రెండు మూడు పంటలు బంగారం. ఆ తర్వాత 1994 చివర్లో తూర్పు తీరంలో తెల్లమచ్చ దిగింది. వైట్ స్పాట్ వైరస్. పెంకు మీద తెల్ల చుక్కలు, రొయ్యలు గట్టు వారకి వచ్చేస్తాయి, వారం పది రోజుల్లో చెరువు ఖాళీ. మా పెదనాన్న అప్పట్లో బంటుమిల్లి దగ్గర నాలుగెకరాలు కౌలుకి తీసుకుని టైగర్ వేశాడు. నేను అప్పటికి పుట్టలేదు. ఇన్నేళ్ళయినా ఆ చెరువు గురించి అడిగితే, "తిన్నావా రా?" అని మాట మార్చేస్తాడు. ఆ చెరువు కోసం అమ్మిన అరెకరం ఎక్కడుందో మాత్రం మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ వైరస్‌కి మన ఒంటికన్ను తల్లికి సంబంధం ఉందా అంటే, ఉంది. వైరస్‌ని కంటి కోత పుట్టించలేదు, అది వేరే దేశాల నుంచి వచ్చింది. కానీ సముద్రంలోంచి తెచ్చిన తల్లి ఒంట్లో వైరస్ నిద్రపోతూ ఉండొచ్చు. దానికి ఒత్తిడి పెరిగితే, ముఖ్యంగా గుడ్లు పెట్టే ఒత్తిడి పడితే, అది లేచి విజృంభిస్తుంది. గుడ్లు పెట్టకముందు టెస్టులో కనపడని వైరస్, పెట్టాక కనపడిన సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. ఆ తల్లి నుంచి లక్షల పిల్లలకి, అక్కణ్ణుంచి పది మంది రైతుల చెరువులకి. మనుషులకి కోవిడ్ టైములో అందరి నోటా వినపడ్డ పీసీఆర్ టెస్టు మన రొయ్య రైతులకి ఇరవై ఏళ్ళ ముందే పరిచయం. సీడ్ కొనేముందు "పీసీఆర్ చేయించారా అండీ?" అని అడగడం 1990ల చివరికే ఈ వైపు మామూలైపోయింది. మధ్యలో 1996 డిసెంబర్‌లో సుప్రీం కోర్టు తీరంలో రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పు ఇచ్చింది, అది మరో దెబ్బ.

దీని నుంచి బయటపడ్డది వనామీతో. ఇది మన రొయ్య కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం దీని సొంతూరు. హవాయిలో 1990ల మొదట్నుంచి రోగాల్లేని వనామీ తల్లుల్ని తరతరాలుగా ట్యాంకుల్లోనే పుట్టించి పెంచారు. మన దేశం 2009లో అనుమతిచ్చింది. తల్లి రొయ్యలు ప్లాస్టిక్ సంచుల్లో, ఆక్సిజన్ నింపుకుని విమానంలో వస్తాయి. చెన్నై నీలాంకరైలో క్వారంటైన్ సెంటర్‌లో ఉండి, టెస్టులు పాసయ్యాకే హేచరీకి వెళ్తాయి. నా ఫ్రెండ్స్‌లో చాలామంది వీసా ఇంటర్వ్యూలకి ఇంత పరీక్ష ఎదుర్కోలేదు.

ఇంకా ఒక సరదా ముక్క. ఈ పిల్లల మేత ఆర్టీమియా అనే చిన్న జీవి. అమెరికాలో యూటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు మీద దీని గుడ్లు ఎర్రటి తెట్టులా తేలుతాయి. ఎండబెడితే ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. ఉప్పు నీళ్ళలో వేస్తే ఒక రోజులో ప్రాణం లేచొస్తుంది. 1960లలో హెరాల్డ్ వాన్ బ్రౌన్‌హట్ అనే అమెరికన్ ఇదే జాతి జీవిని 'సీ మంకీస్' అని కామిక్ పుస్తకాల్లో ప్రకటనలిచ్చి పిల్లలకి బొమ్మలా అమ్మి బోలెడు సంపాదించాడు. ఆ ప్రకటనల్లో కిరీటాలు పెట్టుకున్న బుల్లి మనుషుల బొమ్మలు ఉండేవి. పాపం పిల్లలు డబ్బులు పంపి చూస్తే కంటికి ఆనని పురుగులు. అదే సరుకు డబ్బాల్లో మన తీరంలోని హేచరీలకి దిగుతోంది.

వనామీ తల్లి బందీగానే గుడ్లు నింపుకోగలదు, టైగర్ అంత మొండి కాదు. అయినా దాని కన్ను కూడా ఎందుకు తీస్తున్నారు? ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ కుదిపింది. ఒక హేచరీలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న టెక్నీషియన్ అన్నని అడిగాను.

"తీయకపోయినా పెడుతుంది తమ్ముడూ. కాకపోతే దాని ఇష్టం వచ్చినప్పుడు పెడుతుంది. ఇవాళ రెండు, ఎల్లుండి ఏడు. నీకు ఫలానా తారీఖుకి మూడు లక్షల పిల్ల కావాలి కదా, నీ చెరువులో నీళ్ళు రెడీగా ఉన్నాయి కదా, మరి నేనేం చెయ్యను?"

"నొప్పి ఉండదా అన్నా?"

"నాకేం తెలుసు? తోక కొట్టుకుంటది. కాసేపటికి తిండి తింటది."

అదీ సంగతి. ఇక్కడ టైమ్‌టేబుల్ మనది. చెరువు ఖాళీగా ఉంటే రోజుకింత కౌలు పోతుంది, కాబట్టి రైతు తొందర న్యాయమే. హేచరీ ట్యాంకులు ఖాళీగా ఉంటే కరెంటు బిల్లు ఆగదు, వాళ్ళ తొందరా న్యాయమే. ఆ రెండు తొందరల మధ్య ఒక కన్ను పోతోంది. చేప విషయంలో బ్రేకు తీయడానికి మందు దొరికింది కాబట్టి తలలు కొయ్యడం చాలావరకు తగ్గింది. రొయ్యకి అలాంటి మందు ఇంకా బజార్లోకి రాలేదు. ప్రయత్నాలు జరిగాయి. సెరటోనిన్ ఎక్కించి చూశారు, పనిచేస్తుంది కానీ కంటి కోత అంత వేగంగా కాదు. థాయ్‌లాండ్‌లో మహిడోల్ యూనివర్సిటీ వాళ్ళు టైగర్‌లో ఆ బ్రేకు హార్మోన్ జన్యువునే ఆర్ఎన్ఏ ఇంజెక్షన్‌తో నోరు మూయించి గుడ్లు పెట్టించారు. ల్యాబులో అద్భుతం, రోజువారీ హేచరీ పనికి ఇంకా దూరం.

నొప్పి ఉందా లేదా అన్నది ఇప్పుడు వ్యాపార ప్రశ్న కూడా. 2012లో ఒక రకం మంచినీటి రొయ్య మీద చేసిన పరీక్షలో, కాడ తీసేముందు లిడోకెయిన్ ఇస్తే (పంటి డాక్టరు వాడే మత్తుమందు అన్నమాట) ఆ తోక కొట్టుకోవడం, గాయాన్ని రుద్దుకోవడం తగ్గాయి. నొప్పే లేకపోతే మత్తుమందుకి తేడా ఎందుకు కనపడాలి? 2021లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో జోనథన్ బర్చ్ బృందం మూడు వందలకి పైగా పరిశోధనలు చదివి, పీతలూ రొయ్యల జాతికీ, ఆక్టోపస్‌లకీ బాధ తెలుస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయని రిపోర్ట్ ఇచ్చింది. 2022లో బ్రిటన్ చట్టంలో వాటిని చేర్చారు. యూరప్‌లో కొన్ని సూపర్‌మార్కెట్లు కన్ను తీయని తల్లుల పిల్లలే కావాలని అడగడం మొదలుపెట్టాయి.

ఇదంతా తెల్లోళ్ళ సున్నితం, మన పొట్ట కొట్టడానికే అని కొందరు రైతులు నాతో అన్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కొనేవాడు షరతు పెడితే ఖర్చు పడేది ఎప్పుడూ పండించేవాడి మీదే. కానీ ఇంకో పరిశోధన ఉంది, అది రైతు జేబుకి సంబంధించింది. స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ యూనివర్సిటీ వాళ్ళు, హోండురస్‌లోని ఒక హేచరీతో కలిసి, రెండు రకాల తల్లుల వనామీ పిల్లల్ని పోల్చారు. కన్ను తీయని తల్లులకి ముందు నుంచే మంచి మేత పెట్టి, సంఖ్య పెంచితే ఉత్పత్తిలో పెద్దగా నష్టం రాలేదు. ఆ పిల్లల్ని కావాలనే జబ్బుకి గురిచేసి చూశారు, ఒకటి ఈఎంఎస్ అని మనవాళ్ళు అనే బ్యాక్టీరియా జబ్బు, రెండోది మన పాత శత్రువు తెల్లమచ్చ. రెండింటిలోనూ కన్నున్న తల్లుల పిల్లలే ఎక్కువ బతికాయి.

ఈ ముక్క పెదనాన్నకి చెప్పాను. మొదటిసారి మాట మార్చలేదు. "ఆ సీడు ఇక్కడ ఎవరన్నా అమ్ముతున్నారా?" అని అడిగాడు. ఆయనిప్పుడు రొయ్యలు వెయ్యడు, వయసు డెబ్బై దాటింది. అయినా అడిగాడు.

ఇంకో చిన్న సంగతి చెప్పి ఆపేస్తాను. ఇటు గన్నవరం దగ్గర ఉంగుటూరు మండలం మణికొండలో తిలాపియా కేంద్రం ఉంది, ఎంపెడా వాళ్ళ రాజీవ్ గాంధీ సెంటర్‌ది. తిలాపియా సమస్య రొయ్యకి పూర్తిగా ఉల్టా. బ్రేకే లేదు. అరచేతంత సైజు రాకముందే పిల్లల్ని పెట్టేస్తుంది, చెరువంతా చిన్న చేపలే. అందుకని ప్రపంచమంతా హేచరీల్లో, పుట్టిన పిల్లకి మూడు నాలుగు వారాలు మగ హార్మోన్ కలిపిన మేత పెట్టి అన్నిటినీ మగవే చేసేస్తారు. దివిసీమలో నాగాయలంక వైపు పంజరాల్లో పెంచి చూసిన పండుగప్ప అయితే ఎవరూ ఏమీ చెయ్యకుండానే మగదిగా పెరిగి, కొన్నేళ్ళకి తనంతట తనే ఆడదైపోతుంది. మన దేశంలో దాన్ని హేచరీలో పుట్టించడానికి 1997 దాకా పట్టింది, చెన్నైలో సీబా సంస్థ చేసింది. ఆ కథ వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండీ.